రాసేదాకా కూర్చోను

డార్ట్స్ బోర్డును కిత్తలి నారతో చేస్తారు. ఈ సంగతి బెరిల్ షెరాట్‌కి చెప్పింది నేనే. ఓడల మీద తిరిగే రోజుల్లో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవు వెనక మైళ్ళకొద్దీ కిత్తలి తోటలు చూసినవాణ్ణి. ఆ నారను గుత్తంగా కుదించి ఇనుప కట్టుతో బిగిస్తారు. చేత్తో విసిరే చిన్న బాణం గుచ్చుకుంటే నార పక్కకి జరిగి చోటిస్తుంది. బాణం లాగెయ్యగానే మళ్ళీ దగ్గరికొస్తుంది. చిల్లు మిగలదు.

అంతా విని బెరిల్ అంది: "అంటే దానికి సిగ్గూ లేదు, జ్ఞాపకమూ లేదు. అచ్చం మా రెగ్ లాగే."

అప్పటికి ఆమెకీ రెగ్ బ్లూర్‌కీ మధ్య ఒక ఆట తాలూకు లెక్క తేలకుండా ఉండి చాలా ఏళ్ళయింది. ఆ కథే చెబుతాను. మధ్యలో దారి తప్పితే ఓపిక పట్టండి. నేను బస్సు కండక్టరుగా పద్ధెనిమిదేళ్ళు ఒకే దారిలో తిరిగినవాణ్ణి. కాగితం మీదైనా అటూ ఇటూ పోనివ్వాలి.

ఇంగ్లండులోని బర్స్‌లమ్‌లో గ్రీన్ జగ్ అనే పబ్బు. ఊరంతా పింగాణీ పని. ఆడా మగా ఏదో ఒక కార్ఖానాలో పళ్ళేలో, కప్పులో, కప్పుల చెవులో చేసేవాళ్ళే. అక్కడ మగవాడు మగవాణ్ణి కూడా ‘డక్’ అని పిలుస్తాడు, అంటే బాతు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, ఆరడుగుల గనికార్మికుడొకడు బస్సెక్కి నన్ను బాతూ అని పలకరిస్తే, టిక్కెట్టు చింపి ఇవ్వాలో రెక్కలు విదిలించాలో తెలియలేదు. తర్వాత అలవాటైపోయి, ఆస్పత్రిలో పెద్ద డాక్టరుని కూడా డక్ అనేశాను.

గ్రీన్ జగ్‌లో ముందు గది మగవాళ్ళది, దాన్ని టాప్‌రూమ్ అంటారు. నాపరాళ్ళ నేల, చెక్క బల్లలు, గోడకి డార్ట్స్ బోర్డు, పక్కన నల్లపలక. ఆడవాళ్ళు వెనక గదిలో కూర్చోవాలి, అదీ మగవాళ్ళ పింటు గ్లాసులో సగం పట్టే అరపింటు గ్లాసుతో. యజమానురాలు ఐవీ టామ్స్ ఆడదే అయినా కౌంటరు వెనక ఉన్నంతసేపూ ఆ లెక్కలోకి రాదు. పైదేశం నుంచి వచ్చిన నన్ను ఆ గదిలోకి రానివ్వడానికి వాళ్ళకి మూడు నెలలు పట్టింది. రానిచ్చాక మాత్రం నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటే లేపేవాళ్ళు. బెరిల్‌కి మూడు నెలల గడువు కూడా లేదు. ఆమె ఆడది, అంతే, మాట అక్కడితో సరి.

అరవై ఏడో సంవత్సరం, గురువారం సాయంత్రం. బెరిల్‌కి ముప్ఫై రెండేళ్ళు. పనినుంచి ఇంటికి పోతూ, మంచంలో ఉన్న తండ్రికి కూజాలో బీరు పట్టించుకుపోదామని కౌంటరు పక్క కిటికీ దగ్గర నిలబడింది. లోపల ఆట జరుగుతోంది. విల్ఫ్ మాచిన్ అని, మట్టి కలిపేవాడు, గెలుస్తున్నాడు. పలక దగ్గర సుద్ద పట్టుకున్నవాడు అప్పటికే మూడు పింట్లు మింగాడు. విల్ఫ్ నూట ఎనభై ఏడు మీద నిలబడి ఎనభై అయిదు కొట్టాడు. సుద్దవాడు కాసేపు ఆలోచించి, మిగిలింది నూట పన్నెండు అని రాశాడు.

"నూట రెండు!" అని కిటికీలోంచి అరిచింది బెరిల్.

తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. ఆ గది జట్టుకి నాయకుడు రెగ్ బ్లూర్. బట్టీలో పింగాణీ పేర్చే పని. తల మీద బరువులు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయిన మనిషి. అతను పైపు తీసి, "అంత లెక్కలొచ్చినదానివి, వచ్చి నువ్వే రాయరాదూ?" అన్నాడు. అందరూ నవ్వారు.

వెటకారం చేసేముందు మనిషి తన ఊరి ఆచారాలు ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇంగ్లండులో ఏ పబ్బుకైనా ఒక ధర్మం ఉంది: సుద్ద పట్టి లెక్క రాసినవాడికి తర్వాతి ఆట, గెలిచినవాడితో. రాజుగారొచ్చినా ఆ వరస మారదు. సుద్దపొడి ముక్కులోకి పోతుంది, తీసివేతలు చెయ్యాలి, తాగడం కుదరదు. అందుకే ఆ పని ఎవరికీ ఇష్టం లేదు, అందుకే దానికి ఆ బహుమానం. నేను తిరిగిన రేవులన్నిటిలోనూ ఇదే చూశాను. గుమ్మం లోపలికి రానివ్వని మనిషికి కూడా ఎవరికీ అక్కర్లేని పని మాత్రం ఇస్తారు. ఆ పనికి ఏ హక్కు తోకలా అంటుకుని ఉందో ఇచ్చేవాడు చూసుకోడు.

బెరిల్ కూజా కిటికీలో పెట్టేసి, చుట్టూ తిరిగొచ్చి, సుద్ద లాక్కుంది. ఆట చివరిదాకా రాసింది. విల్ఫ్ గెలిచాడు. ఆమె సుద్ద గట్టు మీద పెట్టి, చేతులు దులుపుకుని చెయ్యి చాపింది.

"బాణాలిటివ్వు."

"ఏం బాణాలు?" అన్నాడు విల్ఫ్.

"నేను రాశాను. తర్వాతి ఆట నాది."

ఐవీ కౌంటరు వెనకనుంచి, "ఆడవాళ్ళు టాప్‌రూమ్‌లో కూర్చోవడానికి వీల్లేదు బెరిల్. రూలు నేను పెట్టింది కాదు," అంది.

"నేను కూర్చున్నానా?"

ఐవీ చూసింది. కూర్చోలేదు. నిలబడే ఉంది. నిలబడటం గురించి రూల్లో ఏమీ లేదు.

"రాసింది కదా, మరి ఆడనివ్వండి," అన్నాడు మూలనుంచి ఎవడో ముసలాయన. ఆడదానికి సుద్ద పట్టడానికి మాత్రం ఒక్కడూ లేవలేదు. రెగ్ నవ్వుకుంటూ లేచి, "నేనే రాస్తాలే, తమాషా చూద్దాం," అన్నాడు.

వాళ్ళకి తెలియనిది ఒకటుంది. బెరిల్ పనిచేసే కార్ఖానాలో, ఆడవాళ్ళ భోజనాల గది తలుపు వెనక పాత బోర్డొకటి వేలాడేది. పదిహేనేళ్ళుగా భోజనాల వేళ ఆడపిల్లలు దాని మీద ఆడుకునేవాళ్ళు. ఎప్పుడు మేస్త్రీ తలుపు తోసుకొస్తాడో తెలియదు కాబట్టి, కొట్టిన మూడు బాణాలూ మరుక్షణం లాగేసి దాచేవాళ్ళు. కాగితం మీద రాయడం లేదు, లెక్కంతా బుర్రలోనే. అందుకే బెరిల్‌కి తీసివేత ఊపిరి తీసుకున్నంత సులువు. అందుకే ఆ రాత్రి జీవితకాలపు పొరపాటు కూడా చేసింది.

వంతుకి మూడు బాణాలు, ఆట మూడువందల ఒకటి నుంచి సున్నాకి దిగాలి, చివరి దెబ్బ రెట్టింపు గడిలో పడాలి. ఆ గడి బోర్డు అంచున చుట్టూ తిరిగే సన్నటి పట్టీలో ఉంటుంది, వెడల్పు చిటికెన వేలంత కూడా ఉండదు. విల్ఫ్ తడబడ్డాడు. బెరిల్‌కి రెండు మిగిలింది. అంటే ఒకటి రెట్టింపు. ఆటగాళ్ళు ఆ గడిని పిచ్చాసుపత్రి అంటారు, అక్కడ చిక్కినవాడు త్వరగా బయటపడడు కాబట్టి. ఆమె కొట్టింది. తగిలింది. నేను చూశాను. కొట్టిన ఊపులోనే రెండంగల్లో వెళ్ళి, అలవాటు చొప్పున, బాణం లాగేసింది.

రెగ్ సుద్ద ఎత్తలేదు.

"రాయి," అంది బెరిల్.

"ఏం రాయను?"

"ఒకటి రెట్టింపు. అయిపోయింది ఆట."

"ఎక్కడ? నాకేం కనపడలా. రాయకముందే లాగితే లెక్కలోకి రాదు డక్, చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏదీ, చిల్లు చూపించు."

ఆమె బోర్డు వైపు చూసింది. కిత్తలి నార మూసుకుపోయింది. గది గది అంతా పగలబడి నవ్వింది. సిగ్గుతో చెబుతున్నాను, నేనూ నోరెత్తలేదు. అప్పటికి నా కుర్చీ నాకొచ్చి ఆరు వారాలే.

బెరిల్ బాణాలు విల్ఫ్ చేతిలో పెట్టింది. విల్ఫ్ తర్వాతి వంతులో ఆట ముగించాడు. ఆమె రెగ్ చేతిలోంచి సుద్ద తీసుకుంది.

"మళ్ళీ నేనే రాస్తా," అంది. "ఇక్కడ ఎవరికీ కళ్ళు సరిగ్గా లేనట్టున్నాయి."

అలా మొదలైంది. ప్రతి గురువారం వచ్చేది, సుద్ద పట్టేది, తర్వాతి ఆట ఆడేది. మొదట్లో ఓడింది, తర్వాత గెలిచింది, తర్వాత ఆమెతో ఆడటానికి లేవడమే అందరూ మానేశారు. బాణాలు మాత్రం, సుద్ద పలకని తాకి అంకె పూర్తయ్యేదాకా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ముట్టుకునేది కాదు. చివరికి జట్టులో మనిషి తక్కువై రెగ్ స్వయంగా పిలవాల్సొచ్చింది. "నీ మొహం చూసి కాదు, మాకు ఎనిమిదో వాడు లేక," అన్నాడు. "నీ మొహం చూసి నేనూ రావట్లేదులే," అంది ఆమె.

డెబ్బై అయిదులో దేశమంతటికీ చట్టమొచ్చింది, ఆడవాళ్ళని ఏ గదిలోనూ కాదనకూడదని. ఐవీ టాప్‌రూమ్‌లో ఒక కుర్చీ తుడిచి వేసి, "రా బెరిల్, ఇంక కూర్చో," అంది.

"పార్లమెంటు కూర్చోమంటే కూర్చునేదాన్నయితే ఎనిమిదేళ్ళు నిలబడతానా? రెగ్ ఆ ఆట రాసినరోజు కూర్చుంటా. రాసేదాకా కూర్చోను."

రెగ్ పైపు కొరుక్కుంటూ గోడవైపు చూశాడు. "ఏ ఆట?" అన్నాడు.

డెబ్బై ఆరులో ఆమె కార్ఖానా మానేసి బాణాలనే బతుకుదెరువు చేసుకుంది. పార్జెటర్ అనే ఏజెంటు ఒక బీరు కంపెనీ తరఫున ఒప్పందం రాయించాడు. ఊరూరా కార్మికుల క్లబ్బులకి వెళ్ళడం, ఆ ఊరి మొనగాళ్ళు పన్నెండుమందితో వరసగా ఆడటం, మధ్యమధ్య పెద్ద పోటీలు. బయటివాళ్ళకి అదంతా దీపాలూ చప్పట్లూ. నిజానికి చలికాలం రైళ్ళు, తడిసిన కోటు, చల్లారిన బంగాళాదుంపలు, ప్రతి ఊళ్ళోనూ "చూద్దాం ఏం చేస్తుందో" అని చేతులు కట్టుకున్న పన్నెండుమంది. పన్నెండులో పదకొండుమందిని ఇంటికి పంపేది. పార్జెటర్ ఒకసారి, ఆఖర్న క్లబ్బు కార్యదర్శి మీద కాస్త మెత్తగా ఆడమన్నాడట, మర్యాదకి. "ఆయనకి మర్యాద కావాలంటే చర్చికి పోవాలి, నా ముందుకెందుకొచ్చాడు?" అందట.

ఎనభై ఒకటి నవంబరులో, డాంకాస్టర్‌లో ఒక క్లబ్బులో, ఆమె చెయ్యి ముందుకెళ్ళింది, వేళ్ళు విచ్చుకోలేదు.

ఇది ఆ వృత్తిలోవాళ్ళకే వచ్చే జబ్బు. చెయ్యి బాగానే ఉంటుంది, చూపు బాగానే ఉంటుంది, బాణం మాత్రం వేళ్ళు వదలవు. ఒకటికి నాలుగుసార్లు చెయ్యి ఊపి, అయిదోసారి బాణం కాళ్ళ దగ్గర పడుతుంది. ఆటగాళ్ళు దాని పేరు పైకి అనరు, అంటుకుంటుందని భయం. డాక్టరు మోచెయ్యి తట్టి చూసి ఏమీ లేదన్నాడు. పత్రికలో ఒకడు "ఆడవారి నరాలు" అని రాశాడు. అదే జబ్బు ఆ ఏడాది ముగ్గురు మగవాళ్ళకి వచ్చింది. వాళ్ళ నరాల గురించి ఎవరూ రాయలేదు.

పార్జెటర్ ఒప్పందం పక్కన పెట్టి, "బాగయితే చెప్పు డక్," అన్నాడు. ఆమె మళ్ళీ కార్ఖానాకి పోయింది, పళ్ళేల అంచుకి బంగారు గీత దిద్దే తన పాత పనికి.

ఆ పని ఒకసారి చూసి తీరాలి. పళ్ళెం చక్రం మీద ఉంటుంది. ఎడమచేత్తో చక్రాన్ని ఒక్క తోపు తోసి వదిలేస్తారు. కుడిచేతిలో కుంచె, ఊపిరి కూడా తగలనట్టు నిశ్చలంగా అంచుకి ఆనించి ఉంచుతారు. పళ్ళెం తిరుగుతుంది, గీత దానంతటదే చుట్టూ వచ్చి కలుసుకుంటుంది. పూసినప్పుడు ఆ రంగు బెల్లం పాకంలా మురికిగా ఉంటుంది. బట్టీలో కాలి బయటికొస్తేనే బంగారం.

ఆమె చేతికి జబ్బుందన్న మాట విని మేస్త్రీ ఒక పళ్ళెం ఇచ్చి పరీక్షించాడు. గీత వెంట్రుకంత వణకలేదు. "మరి బాణమెందుకు వెయ్యలేవు?" అన్నాడు.

ఆ ప్రశ్నతో ఆమె మూడు రోజులు పళ్ళేలు తిప్పింది. మూడోరోజు సాయంత్రం నా బస్సెక్కి, టిక్కెట్టు అడక్కుండానే చెప్పింది.

"తెలిసిపోయింది డక్. నా కుడిచెయ్యికి పట్టుకోవడమే తెలుసు. పిల్లప్పట్నుంచీ దానికి నేర్పింది అదే, కదలకు, వదలకు అని. ఇన్నాళ్ళూ బాణం వెయ్యడానికి దాన్ని మోసం చేశాను, ఇప్పుడది కనిపెట్టేసింది. వదలడం తెలిసింది ఎడమచెయ్యికి. రోజుకి అయిదారువందలసార్లు తోసి వదిలేసింది అదే."

"నలభై ఆరేళ్ళకి ఎడమచేత్తో మొదలుపెడతావా?" అన్నాను.

"మరి నలభై ఏడుకి మొదలుపెట్టమంటావా?"

మన పురాణాల్లో రెండు చేతులా బాణాలేసినవాడికి బిరుదులిచ్చారు. బెరిల్‌కి దక్కింది గ్రీన్ జగ్ గోడ గురించి తిట్లు. వచ్చే గురువారమే ఆమె టాప్‌రూమ్‌కి వెళ్ళి, అలవాటుగా సుద్ద పట్టి, తర్వాతి ఆటకి ఎడమచేత్తో నిలబడింది. మొదటి బాణం బోర్డుకి జానెడు పక్కన గోడలో దిగింది. రెండోది పలకకి తగిలింది. మూడోది ఎక్కడ పడిందో మర్నాడు ఊడ్చేటప్పుడు దొరికింది.

"ఇంట్లో నేర్చుకుని రావచ్చుగా," అన్నాడు రెగ్. "నలుగురిలో ఈ నవ్వులపాటెందుకు?"

"పదిహేనేళ్ళ కింద నవ్వారుగా. ఇంకా మిగిలుంటే కానీండి."

బట్టీ దుమ్ము తినీ తినీ రెగ్‌కి అప్పటికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. నవ్వితే దగ్గు వచ్చేది, అయినా నవ్వాడు. రెండు చలికాలాలు ఆమె ఓడింది. ప్రతి గురువారం రాయడం, ఆడటం, ఓడటం, మళ్ళీ సుద్ద పట్టడం. బోర్డు దేన్నీ గుర్తుంచుకోదు గాని సున్నం గోడ అన్నీ గుర్తుంచుకుంటుంది. దాని మొహమంతా మశూచి మచ్చలయ్యాయి. ఐవీ అరిచేది: "గోడకి మళ్ళీ సున్నం కొట్టిస్తే నీ ఎడమచెయ్యి విరిచేస్తా!" "విరువు, కాలుతో వేస్తా," అనేది ఈమె.

మెల్లగా మచ్చలు బోర్డు దగ్గరికి జరిగాయి. తర్వాత కొత్త మచ్చలు పడటం మానేశాయి.

ఎనభై మూడు మార్చిలో పార్జెటర్‌కి కబురు పంపింది, వచ్చి చూసుకో అని. ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. షరతు ముందే చెప్పాడు: జిల్లాలో అందరికన్నా పదునుగా ఆడుతున్న కాలిన్ సాల్ట్‌తో మూడు ఆటలు. రెండు గెలిస్తే ఒప్పందం మళ్ళీ రాస్తాడు. ఓడితే ఇంక తనని పిలవొద్దు, చేతులు ఎన్ని మార్చుకున్నా సరే.

కాలిన్ రెగ్ మేనల్లుడు, ఇరవై నాలుగేళ్ళవాడు. పొద్దున వాళ్ళమ్మ చేసిన ఓట్స్ పిండి రొట్టె, జున్ను, పంది మాంసం తిని వచ్చానని, చెయ్యి బరువుగా ఉందని అందరికీ చెప్పుకున్నాడు. మంచి పిల్లాడే. ఓడితే చెప్పుకోవడానికి ఒకటి ఉండాలిగా.

సుద్ద ఎవరు పడతారని ఐవీ అడిగింది. రెగ్ బల్ల పట్టుకుని లేచాడు. "నేను రాస్తా," అన్నాడు. బెరిల్ అతనివైపు చూసి బాణాలు అందుకుంది.

మొదటి ఆట కాలిన్‌ది. రెండోది బెరిల్‌ది. మూడోదాంట్లో ఇద్దరూ పక్కపక్కనే దిగుతూ వచ్చారు. కాలిన్‌కి నలభై మిగిలింది, బెరిల్‌కి ముప్ఫై రెండు, వంతు ఆమెది. పదహారు రెట్టింపు కొడితే చాలు. వెంట్రుక వాసి లోపలికి పడింది, ఉత్త పదహారు. ఇంకా పదహారు. ఎనిమిది రెట్టింపుకి వేసింది, మళ్ళీ లోపలికే, ఎనిమిది. నాలుగు రెట్టింపుకి వేసింది, ఉత్త నాలుగు. గదిలో ఎవరో పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. రెగ్ నాలుగు మిగిలిందని రాశాక బాణాలు తీసుకుంది.

కాలిన్ మూడు బాణాలూ గడి అంచు తీగ బయటికి కొట్టాడు.

మళ్ళీ ఆమె. రెండు రెట్టింపుకి వేస్తే ఉత్త రెండు పడింది. మిగిలింది రెండు.

"పిచ్చాసుపత్రి," అన్నాడు విల్ఫ్ గుసగుసగా. ఆ గదిలో అరవై ఏడునాటివాళ్ళం నలుగురమే మిగిలాం. నలుగురం ఒకరినొకరం చూసుకోలేదు.

రెండో బాణం తీగకి తగిలి నేల మీద పడింది. పార్జెటర్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. బెరిల్ మూడో బాణం ఎడమచేతి వేళ్ళ మధ్య ఒకసారి తిప్పింది. చక్రాన్ని తోసినట్టే, ఒక్క తోపు, వదిలేసింది.

ఒకటి రెట్టింపులో, తీగని ఒరుసుకుంటూ, నిలబడింది.

కాలిన్, పాపం, మర్యాదగా ఆమె బాణం తీసిద్దామని బోర్డు మీదకి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు!"

ఆ గొంతుకి పిల్లాడు నిప్పు తగిలినట్టు వెనక్కి గెంతాడు. బెరిల్ బాణం వేసే గీత దగ్గరే ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని.

"కనపడుతోందా రెగ్?"

రెగ్ బోర్డు దగ్గరికి మొహం పెట్టి చూశాడు. దగ్గు వచ్చింది. ఆగేదాకా అందరం ఆగాం. తర్వాత పలక మీద రెండు కొట్టేసి సున్నా చుట్టాడు. ఆమె పేరు కింద గెలుపు గుర్తుగా ఒక గీత గీశాడు. సుద్ద కిందికి దించలేదు. ఇంకొక గీత గీశాడు, కొంచెం దూరంగా.

"అదేంటి?" అన్నాడు పార్జెటర్. "మూడో ఆటకి రెండెందుకు రాశాడు?"

"ఇది వేరే ఆట," అన్నాడు రెగ్, అతని వైపు చూడకుండా. "విల్ఫ్‌తో ఆడింది." తర్వాత బెరిల్‌తో, చాలా చిన్నగా అన్నాడు: "ఆ రోజు చూశాన్నేను. కనపడింది నాకు."

"నీకు కనపడిందని నాకు తెలుసు డక్," అంది బెరిల్. "లేకపోతే పదహారేళ్ళు ఎందుకు నిలబడతాను?"

పార్జెటర్ అప్పటికే కాగితాలు తీశాడు. పోస్టరు మీద ‘ఎడమచేతి వింత’ అని వేద్దామన్నాడు. "బెరిల్ షెరాట్ అని వెయ్యి. చాలు," అంది. ఆ పేరుతోనే మరో ఏడేళ్ళు ఊళ్ళు తిరిగింది.

కాని ఆ మధ్యాహ్నం ముందు చేసిన పని వేరు. బాణం బోర్డులోనే వదిలేసి, టాప్‌రూమ్ మధ్యలోకి నడిచి, నా పక్క కుర్చీ లాక్కుని, కాళ్ళు బారచాపి కూర్చుంది.

ఐవీ అలవాటు చొప్పున అరపింటు గ్లాసు అందుకోబోయింది.

"అది కాదు ఐవీ," అంది బెరిల్. "నిండు పింటు."